ఆ మెడల్స్ ఎవరివో తేలాకే పేరు రాయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నగరంలో ఈమధ్య జరిగిన ఒక ప్రదర్శనలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి మూడు మెడల్స్ పెట్టారు. వాటి కింద అట్ట మీద ఒక సవార్ (గుర్రపు దళం సిపాయి) పేరు, ఒక ఊరి పేరు, పక్కనే 'హైఫా వీరుడు' అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. హైఫా అంటే ఆ యుద్ధంలో దాడి జరిగిన, ఇప్పటి ఇజ్రాయెల్‌లోని పట్టణం. ఏ ఆధారంతో రాశారని నిర్వాహకులను అడిగాను. "అంచు మీద పేరు ఉంది కదండీ, ఆ ఊళ్లో ఆ పేరుతో ఒకాయన సైన్యంలో చేశాడట" అన్నారు. సైన్యం రికార్డుల ఆఫీసులో క్లర్కుగా పనిచేసి రిటైరైన నాకు ఆ జవాబు విని బాధ కలిగింది. అందుకే ఈ లేఖ.

అంచు మీద పేరు ఉండటం చాలా పెద్ద ఆధారమే. ఆనాటి బ్రిటిష్ వార్ మెడల్‌కీ, విక్టరీ మెడల్‌కీ అంచు చుట్టూ నంబరు, ర్యాంకు, పేరు, రెజిమెంటు కొట్టేవారు. 1914-15 స్టార్ అనే నక్షత్రం ఆకారపు మెడల్‌కైతే అవే వివరాలు వెనకవైపు ఉంటాయి. మూడూ ఒకే మనిషివా కాదా అని చూడాలంటే ముందు నంబరు కలవాలి. ర్యాంకు కలవకపోయినా కంగారు పడక్కర్లేదు. స్టార్ మీద సాధారణంగా యుద్ధరంగంలో అడుగుపెట్టినప్పటి ర్యాంకు ఉంటుంది, మిగతా రెండింటి మీద తర్వాత అందుకున్న పెద్ద ర్యాంకు ఉంటుంది. కాబట్టి ఒకదాని మీద సవార్ అనీ, రెండిటి మీద దఫేదార్ (సవార్ కంటే పై ర్యాంకు) అనీ ఉంటే అనుమానించాల్సింది పోయి, ఆ మనిషికి మధ్యలో ప్రమోషన్ వచ్చిందని అనుకోవచ్చు.

తండ్రి పేరూ, ఊరి పేరూ మాత్రం మెడల్ మీద ఉండవు. అసలు చిక్కంతా అక్కడే. ఆ రోజుల్లో నంబర్లు ఏ రెజిమెంటుకా రెజిమెంటు వేసుకునేది. ఒకే నంబరు వేరే రెజిమెంట్లలో వేరే వాళ్లకు ఉండేది. రెజిమెంటు పేరు అరిగిపోతే నంబరు ఉన్నా లాభం లేదు. ఇక మన వాళ్ల పేర్లు చూడండి. ఇంటిపేరు లేకుండా ఉత్త 'నరసయ్య' అని రాసుకున్నారు. ఒక ఊళ్లోనే నలుగురు నరసయ్యలు ఉంటారు. దానికి తోడు ఇంగ్లిష్ స్పెల్లింగు క్లర్కుకు ఎలా తోస్తే అలా పడేది. పేరు కలిసిందని ఊరు కలిపేస్తే, ఆ మెడల్ నిజంగా ఎవరిదో ఆ కుటుంబానికి ఎప్పటికీ చేరదు.

హైఫా సంగతి కూడా చెప్పాలి. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణం మీద గుర్రాలతో దాడి చేసింది జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు (బల్లేలు పట్టిన గుర్రపు దళాలు). మన హైదరాబాద్ లాన్సర్లు కూడా వాళ్లతో పాటు సంస్థానాల గుర్రపు దళాలను కలిపిన 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్‌లో ఉన్నారు, ఈజిప్టులో, పాలస్తీనాలో పనిచేశారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్ల కోసమే. అయితే హైఫా దాడి చేసిన రెజిమెంట్ల లెక్కలో వాళ్లు లేరు. పైగా ఆ మూడు మెడల్స్‌లో ఏదీ హైఫా కోసం ఇచ్చింది కాదు. స్టార్ ఉంటే ఆ మనిషి 1915 డిసెంబర్ 31 లోపే యుద్ధరంగానికి చేరాడని అర్థం. స్టార్ లేకుండా మిగతా రెండే ఉంటే ఆ తర్వాత వెళ్లాడని బహుశా చెప్పొచ్చు. మెడల్స్ చెప్పేది అంతవరకే. మన లాన్సర్లు చేసిన సేవ చెప్పుకోవడానికి ఇంకో రెజిమెంటు గెలుపు అరువు తెచ్చుకోవాల్సిన పని లేదు.

రెండో ప్రపంచ యుద్ధం మెడల్స్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన స్టార్ల మీద పేరే కొట్టలేదు. జుమ్మేరాత్ బజార్‌లోనో, ఎర్రగడ్డ సంతలోనో నాలుగైదు కలిపి ఒకే పట్టీకి కుట్టి అమ్ముతుంటే అవన్నీ ఒక్కడివే అనిపిస్తుంది. బర్మా స్టార్, పసిఫిక్ స్టార్ రెండూ ఒకే పట్టీ మీద కనిపిస్తే మాత్రం అది ఎవరో తర్వాత కలిపి కుట్టిందే. ఆ రెండూ ఒకే మనిషికి ఇచ్చేవారు కాదు. రెండోదానికి కూడా అర్హత ఉంటే మొదటిదాని రిబ్బన్ మీద ఒక క్లాస్ప్ (చిన్న లోహపు పట్టీ) పెట్టుకోనిచ్చేవారు. ఒక్కడివే అయినా పేరు లేని మెడల్స్ నుంచి మనిషిని పట్టుకోవాలంటే వాటితో పాటు దొరికిన డిశ్చార్జి కాగితమో, యూనిఫాం ఫొటోనో, ఉత్తరమో ఉండాలి. వ్యాపారి చేతికి వచ్చేసరికి ముందుగా పోయేవి ఆ కాగితాలే.

మెడల్‌కీ ఊరికీ మధ్య వంతెన మా రికార్డులే. జవాను భర్తీ అయినప్పుడు రాసే షీట్ రోల్‌లో తండ్రి పేరు, గ్రామం, తాలూకా అన్నీ ఉంటాయి. కానీ పింఛను లేకుండా బయటికి వచ్చినవాళ్ల కాగితాలు 25 ఏళ్ల గడువు తర్వాత తీసేస్తారు. యుద్ధం అయిపోగానే ఇళ్లకు పంపేసిన వేలమందిలో చాలామందికి పింఛను లేదు. ఒక్కో జవానుకు ఒక్కో వరుస ఉండే లాంగ్ రోల్ అనే రిజిస్టర్ మాత్రం శాశ్వతంగా ఉంచుతారు. అందులో వివరాలు తక్కువే అయినా మనిషిని నిలబెట్టడానికి చాలు. తాతగారి మెడల్స్ పట్టుకుని వచ్చిన మనవలు లాంగ్ రోల్‌లో ఆ ఒక్క వరుస చూసి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. పేరూ, తండ్రి పేరూ, ఊరూ కలిసినప్పుడే ఇది ఫలానా ఆయనది అని రాయాలి. అంతవరకు 'బహుశా ఫలానా ఆయనది' అని రాసి, ఎందుకలా అనుకుంటున్నామో కింద రెండు వాక్యాలు పెడితే చూసేవాళ్లకూ గౌరవం, చనిపోయినవాడికీ గౌరవం.

నిజాం సైన్యంలో చేసినవాళ్ల సంగతి వేరు. తార్నాకలో ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు కాగితాలు పర్షియన్‌లో, ఉర్దూలో ఉన్నాయి. ఆ భాషలు చదవగలిగిన పెద్దలు మన పాతబస్తీలో ఇంకా ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి, ఆ కాగితాల్లో వచ్చే సైనికుల పేర్లకు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఒక పట్టిక తయారు చేయించి అందరికీ అందుబాటులో పెట్టమని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. మెడల్స్ ప్రదర్శించే సంస్థలు పేరు రాసే ముందు సంబంధిత రికార్డు ఆఫీసుకో, జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయానికో ఒక ఉత్తరం రాసి అడగాలి. నేను చూసిన ఆ అట్టను కూడా నిర్వాహకులు తీసి, సరిచూసి, మళ్లీ రాయాలి.

ఇళ్లలో మెడల్స్ ఉన్నవాళ్లకు ఒక మనవి. దసరాకు ఇల్లు సర్దుతూ చింతపండుతోనో, బ్రాసోతోనో వాటిని దయచేసి తోమకండి. తోమిన ప్రతిసారీ అంచు మీద అక్షరాలు కొంచెం కొంచెం అరిగిపోతాయి. పాత రిబ్బన్ ఊడదీయకండి. పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి అంచు చుట్టూ ఫోన్‌తో ఫొటోలు తీసి, తాతగారి గురించి ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తున్నదంతా ఒక కాగితం మీద రాసి, ఆ మెడల్స్‌తో పాటే పెట్టెలో ఉంచండి.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ హవల్దార్ క్లర్క్,
తిరుమలగిరి, సికింద్రాబాద్