304 అని అమ్మిన షీట్లు తుప్పు పట్టడంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 304 గ్రేడు పేరుతో వేరే గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు షీట్లు అమ్మడం గురించి.

నమస్కారం.

నాలుగు నెలల కిందట మీ దగ్గర 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్న షీట్లు మూడు కొన్నాను. బిల్లులో 304 అని, అంటే తుప్పును బాగా తట్టుకునే స్టెయిన్‌లెస్ గ్రేడు అని రాశారు. షీటుకు అంటించిన ప్లాస్టిక్ ఫిల్మ్ మీద కూడా మూరకొకసారి 304 అని నీలం అక్షరాలతో అచ్చు వేసి ఉంది. ఆ అంకె చూసే కొన్నాను. ఈ షీట్లతో ఇంటి దగ్గరే బార్బెక్యూ స్మోకరు, అంటే కట్టెల పొగతో మాంసాన్ని నెమ్మదిగా వండే పెట్టె, తయారుచేసుకున్నాను. రెండోసారి వాడి, కడిగి, తుడిచిపెట్టిన మర్నాడు తలుపు తీస్తే లోపలి గోడ నిండా ఆవగింజలంత తుప్పు చుక్కలు. వేలితో రుద్దితే ఎర్రటి మరక పోయింది, దాని కింద సూది గుచ్చినట్టు చిన్న గుంట మిగిలింది.

దీని గురించి ఇంతకుముందు ఒక లేఖ రాశాను. మీ వాళ్లు ఇచ్చిన జవాబు రెండు ముక్కల్లో ఉంది. స్మోకరులో వేడి ఎక్కువై షీటు పాడైందట. అయస్కాంతం అంటుకోవడం లేదు కాబట్టి అది కచ్చితంగా 304యేనట. ఈ రెండు మాటలూ తప్పు. ఎందుకు తప్పో వివరంగా రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

మొదట వేడి సంగతి. మాంసం ఉండే గదిలో వేడి 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. అంతకు మించితే స్మోకరు చేసుకున్న ప్రయోజనమే ఉండదు, మాంసం మెత్తబడే లోపే ఎండిపోతుంది. 304 స్టీలు 800 డిగ్రీల దాకా గాలిలో పెచ్చులు లేవకుండా తట్టుకుంటుంది. నిప్పు మండేది పక్కనున్న పెట్టెలో. దానికి లోపల నిప్పు ఇటుకలు పేర్చాను. చిత్రమేమిటంటే ఆ పెట్టె గోడల మీద తుప్పు తక్కువ, వేడి తక్కువగా ఉన్న మాంసం గదిలోనే ఎక్కువ. వేడి వల్ల పాడైతే ఇలా తిరగబడి ఉండదు కదా.

వెల్డింగ్ వల్ల వచ్చిందేమో అని నాకూ అనుమానం వచ్చింది. స్టెయిన్‌లెస్‌ను వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన నీలం, గోధుమ రంగు పట్టీలు వస్తాయి. అక్కడ పైపొరలో తుప్పును ఆపే క్రోమియం తగ్గి, తుప్పు ముందు అక్కడే మొదలవుతుంది. అది తెలిసే టిగ్ వెల్డింగ్ చేసేటప్పుడు గాలి తగలకుండా అతుకు వెనక వైపు కూడా ఆర్గాన్ వాయువు వదిలాను. 304ను అతకడానికి సరిపోయే 308ఎల్ తీగే వాడాను. ఇనుముకు వాడిన గ్రైండింగ్ చక్రాన్ని దీని దరిదాపులకు రానివ్వలేదు. రంగు పట్టీలన్నీ పికిలింగ్ పేస్టు అనే యాసిడ్ ముద్దతో తీసేసి, చివర సిట్రిక్ యాసిడ్ ద్రావణంతో కడిగాను. ఇప్పుడు తుప్పు ఉన్నది అతుకుల దగ్గర కాదు, అతుకుకు జానెడు దూరంలో, షీటు మధ్యలో.

ఇంకో సాక్ష్యం ఉంది. కోయగా మిగిలిన ముక్క ఒకటి, అరచేయి రెండింతలుంటుంది, ఒకవైపు ఫిల్మ్ కూడా తీయకుండా పెరట్లో గోడకు ఆనించి పెట్టాను. దానికి వెల్డింగ్ తగల్లేదు, నిప్పు సెగ తగల్లేదు. వానకు తడిసింది, అంతే. ఫిల్మ్ ఊడిన మూల తుప్పు పట్టింది. ఆ తుప్పు పక్కనే మీ నీలం అక్షరాల 304 చెక్కుచెదరకుండా ఉంది. ఫొటో జతచేశాను, చూడండి.

ఇక అయస్కాంతం. అయస్కాంతం అంటుకోకపోతే, అది అంటుకునే 430 లాంటి గ్రేడు కాదని మాత్రమే తెలుస్తుంది. చవకైన 201 గ్రేడుకు కూడా అయస్కాంతం అంటుకోదు. స్టీలు అమ్మేవాళ్లకు ఇది తెలియదని నేను నమ్మలేను. 304లో నికెల్ 8 శాతానికి తగ్గకూడదు, మాంగనీస్ 2 శాతం దాటకూడదు. 201లో ఖరీదైన నికెల్‌ను తగ్గించి, ఆ లోటును మాంగనీస్‌తో, నైట్రోజన్‌తో పూడుస్తారు. చూపుకు రెండూ ఒకటే, మెరుపులో తేడా కనిపించదు. క్రోమియం కూడా తక్కువ కావడంతో తుప్పును ఆపే శక్తి మాత్రం తగ్గిపోతుంది. ఇంటి లోపల, పొడి చోట వాడుకుంటే 201తో ఇబ్బంది లేకపోవచ్చు. స్మోకరు అలాంటి చోటు కాదు. కట్టెల పొగలో అసిటిక్ యాసిడ్ ఉంటుంది. అది చల్లని గోడ మీద తేమతో కలిసి జిగురుగా పేరుకుంటుంది. దానికి మాంసానికి పట్టించిన ఉప్పు తోడవుతుంది. ఉప్పులోని క్లోరైడు 304నే వదలదు, కానీ రెండు వాడకాల్లో ఇన్ని గుంటలు పెట్టదు.

మిగిలిన ముక్క మీద మాంగనీస్ పరీక్ష చుక్క వేసి 9 వోల్టుల బ్యాటరీ తీగ ఆనిస్తే, క్షణాల్లో ఎర్రబడింది. ఆ పరీక్షలో ఎరుపు వస్తే మాంగనీస్ ఎక్కువున్న స్టీలని అర్థం. అప్పటికీ తొందరపడకూడదని, పాత లోహం కొనే చోట, లోహంలో ఏది ఎంత ఉందో చూపే ఎక్స్-రే గన్‌తో మూడు చోట్ల చూపించాను. నికెల్ 4 శాతం, మాంగనీస్ 7 శాతం దగ్గర వచ్చాయి. మూడు చోట్లా దాదాపు అవే అంకెలు. ఆ చీటీ కూడా జతచేశాను.

నేను అడిగితే మీరు పంపిన మిల్ టెస్ట్ సర్టిఫికెట్, అంటే స్టీలు తయారీదారు ఇచ్చే పరీక్ష కాగితం, 304దే, కాదనను. కానీ అందులో మందం 2 మిల్లీమీటర్లు అని ఉంది, నేను కొన్నది 1.5. అందులోని హీట్ నంబరు (ఒకసారి కరిగించి పోసిన స్టీలుకు వేసే గుర్తు), నా షీటు ఫిల్మ్ మీద ఉన్న హీట్ నంబరు వేరు. వేరే సరుకు కాగితం నాకు పంపారు. తుప్పు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. షీటు మారడం గోడౌన్‌లో జరిగిన పొరపాటు కావచ్చు. అనుమానం వచ్చి అడిగిన మనిషికి ఎవరిదో కాగితం చేతిలో పెట్టి పంపించడాన్ని పొరపాటని ఎలా అనుకోను?

ఈ స్మోకరు మీద ఎంత పనిపడిందో చెప్పకపోతే నా బాధ మీకు అర్థం కాదు. ముందు అట్టలతో నమూనా కోసుకుని, మడతలు సరిచూసుకుని, ఆ తర్వాతే షీటు మీద గీతలు గీశాను. స్టెయిన్‌లెస్ వేడికి మామూలు ఇనుము కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతుంది, వేడిని మాత్రం త్వరగా పక్కకు పంపదు. ఒకే చోట వెల్డింగ్ లాగితే పలక వంకరపోతుంది. అందుకని అంగుళానికొక చుక్క అతుకు వేస్తూ, ఆ మూల కాసేపు ఈ మూల కాసేపు ఆగి ఆగి చేశాను. తలుపు ఒక్కటి సరిగ్గా కూర్చోవడానికే మూడు ఆదివారాలు పట్టింది. సందులో కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగితే నాలుగు వైపులా బిగుతుగా రావాలి. చివరికి వచ్చింది. ఆ రోజు ఇంట్లో అందరినీ పిలిచి ఆ కాగితం లాగించాను. ఇప్పుడు ఆ తలుపు లోపలి వైపే అన్నిటికన్నా ఎక్కువ తుప్పు పట్టింది.

మూడు అసలైన 304 షీట్లు, వాటి హీట్ నంబరుకు సరిపోయే సర్టిఫికెట్‌తో సహా పంపండి. ఆర్గాన్, తీగ, పికిలింగ్ పేస్టు ఖర్చు తిరిగి ఇవ్వండి, బిల్లులు జతచేశాను. నా శ్రమకు వెల కట్టమని అడగడం లేదు. అయితే ఒకటి గట్టిగా అడుగుతున్నాను. ఆ హీట్ నంబరు షీట్లు ఇంకా ఎవరెవరికి అమ్మారో మీ రికార్డుల్లో ఉంటుంది. వాళ్లలో వంటపాత్రలు చేసేవాళ్లు, నీళ్ల తొట్లు కట్టేవాళ్లు ఉండొచ్చు. వాళ్లకు నిజం చెప్పండి. మీరు చెప్పినట్టు నాకు రాతపూర్వకంగా తెలియజేయండి.

15 రోజుల్లో జవాబు రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల ఫిర్యాదులు వినే అధికారుల దగ్గరకు వెళ్తాను. మిగిలిన ముక్కను రెండుగా కోశాను. ఫిల్మ్ ఉన్న సగం నా దగ్గరే ఉంటుంది, రెండో సగం ఈ లేఖతో పంపుతున్నాను. మీకు నచ్చిన ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు