బట్టల క్లిప్పులు ఏడాదైనా ఎందుకు ఆగవు?

సంపాదకులకు నమస్కారం.

డాబా మీద వదిలేసిన బట్టల క్లిప్పులు ఒక వేసవి దాటేసరికి వేళ్ల మధ్యే పుటుక్కుమంటాయి. బకెట్ అంచులూ, మొక్కల కుండీలూ అంతే. ప్లాస్టిక్ ఇంతేలే అనుకుని మళ్లీ కొంటాం. లోపం ప్లాస్టిక్‌లో లేదు, అందులో పడాల్సిన మందు పడకపోవడంలో ఉంది.

ఈ క్లిప్పులు ఎక్కువగా పాలిప్రొపిలీన్‌వి. దాని అణుగొలుసులో ఒక కార్బన్ విడిచి ఒక కార్బన్‌కు మిథైల్ అనే చిన్న కొమ్మ (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు) ఉంటుంది. ఆ కొమ్మ మొదట్లో ఉన్న హైడ్రోజన్ తేలిగ్గా ఊడుతుంది. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలు ఆ పని మొదలుపెడితే, గాలిలోని ఆక్సిజన్ చేరి గొలుసును తెంపుతుంది. అక్కడితో ఆగదు, పక్క గొలుసుకూ పాకుతుంది. పైన తెల్లటి పొడి రాలుతోందంటే పగుళ్లు పడ్డట్టే. ఆ పొడీ ప్లాస్టికే, డాబా కడిగిన నీళ్లతో కాలువలోకి పోతుంది.

దీనికి మందుగా హాల్స్ (హిండర్డ్ అమీన్ లైట్ స్టెబిలైజర్లు) రకం స్టెబిలైజర్లు, అంటే ప్లాస్టిక్ పాడవకుండా కాపాడే రసాయనాలు, ఉన్నాయి. అవి ఎండను అడ్డుకోవు, గొలుసులు తెంపే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణుశకలాలను పట్టేస్తాయి. 20 శాతం గాఢత ఉన్న యూవీ మాస్టర్‌బ్యాచ్ (మందును ముందే చిక్కగా కలిపిన ప్లాస్టిక్ గుళికలు) అయితే 100 కిలోల ముడి ప్లాస్టిక్ గ్రాన్యూల్స్‌కు కిలో, రెండు కిలోలు సరిపోతుంది. నలుపు రంగు ఫర్వాలేదంటే 2 నుంచి 2.5 శాతం కార్బన్ బ్లాక్ (మసి లాంటి నల్లటి పొడి) ఇంకా చౌక. కాకపోతే సమంగా కలవాలి. ఉండ కట్టినచోటే వస్తువు విరుగుతుంది. ఎండకు పాడైన పాత సరుకును కరిగించి పోస్తే మాత్రం మందు వేసినా పెద్దగా ఫలితం ఉండదు, గొలుసులు అప్పటికే పొట్టివైపోయి ఉంటాయి. తెలుపు కోసం రేణువుల మీద పూత లేని టైటానియం డయాక్సైడ్ పొడి వేస్తే నష్టం మరింత త్వరగా వస్తుంది.

దండేనికి ‘నైలాన్ తాడు’ అని అమ్మేదాన్ని చిన్న ముక్క కోసి నీళ్లలో ముంచి, బుడగలు పోయేలా నలిపి వదలండి. తేలితే నైలాన్ కాదు, పాలిథిన్ గానీ పాలిప్రొపిలీన్ గానీ. అలాగని నైలాన్ ఎండకు చెక్కుచెదరదనుకోవద్దు, పైగా తడిస్తే సాగుతుంది.

నీళ్ల ట్యాంకుకైతే ఐఎస్ 12701 అనే భారతీయ ప్రమాణం గుర్తు చూసుకోవచ్చు. ఈ చిల్లర సామానుకూ ప్యాకెట్ మీద కనీసం ఏ పాలిమర్‌తో చేశారో, యూవీ స్టెబిలైజర్ కలిపారో లేదో అచ్చు వేయించాలి. పరీక్షలకు హైదరాబాద్, విజయవాడల్లో సీపెట్ (కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ సాంకేతిక సంస్థ) కేంద్రాలు ఉన్నాయి.

– ప్లాస్టిక్ మౌల్డింగ్ రంగంలో పనిచేసే ఒక పాఠకుడు, విజయవాడ