బుగ్యాళ్ల పూలు వేళ్లతో సహా పోతున్నాయి, మంత్రి గారూ

కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఉత్తరాఖండ్ బుగ్యాళ్లలో, అంటే హిమాలయాల ఎత్తుల్లోని పచ్చిక మైదానాల్లో, జటామాంసి, కటుకరోహిణి, అతివస అనే మందుమొక్కల తవ్వకం గురించి మేం పెట్టుకున్న వినతిపత్రాలకు ఇంతవరకు సరైన జవాబు రాలేదు. వచ్చినవన్నీ "మీ వినతిని సంబంధిత విభాగానికి పంపడమైనది" అనే ఉత్తరాలే. మూలికలు మా పరిధిలోకి రావని ఒక ఆఫీసు చెప్పింది, అడవి మా పరిధిలోకి రాదని ఇంకొకటి చెప్పింది, రాష్ట్రాన్నే అడగమని మరొకటి చెప్పింది. అందుకే ఈసారి మీకే, అందరూ చదివేలా రాస్తున్నాను.

2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్లలో రాత్రి బసను నిషేధించి, వచ్చేవాళ్ల సంఖ్యను 200కు పరిమితం చేసింది. బేద్నీ, ఆలీ బుగ్యాళ్ల మీదుగా నడిచి వెళ్లే మాలాంటి వాళ్లకు అది పెద్ద దెబ్బే. అయినా ఆ తీర్పు సరైనదేనని అప్పుడూ అన్నాం, ఇప్పుడూ అంటున్నాం. చెట్లు పెరగడం ఆగిపోయే ఎత్తుకు పైన, ఏడాదిలో సగం రోజులు మంచు కింద ఉండే ఆ పచ్చిక మీద గుడారాలు వేస్తే అది కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. మరి అదే పచ్చికను గునపంతో పెళ్లగిస్తుంటే ఆపేవాళ్లేరీ?

పువ్వు కోస్తే మొక్క మిగులుతుంది. బ్రహ్మకమలాన్ని పూజకు కోసుకెళ్లడం కూడా తప్పే, విత్తనం పడకుండా పోతుంది. కానీ అక్కడ కనీసం వేరు నేలలో ఉంటుంది. జటామాంసికి ఆ అదృష్టం కూడా లేదు. దాని విలువంతా భూమిలోని కాండంలో, వేళ్లలోనే ఉంది కాబట్టి మొక్క మొత్తాన్ని పీకుతారు. కటుకరోహిణిదీ, అతివసదీ ఇదే గతి. విత్తనం ముదిరి రాలేది సెప్టెంబరు, అక్టోబరులో. అంతదాకా ఆగితే కనీసం మరుసటి తరం మొక్కలకు విత్తనమైనా నేలలో పడుతుంది. ఎవరూ ఆగరు. ఆగితే ఇంకొకరు తవ్వుకుపోతారు. తవ్విన చోట మట్టి పొర పలచనిది, దాన్ని పట్టి ఉంచిన వేళ్లు పోయాయి, మొదటి గట్టి వానకే మట్టి కొట్టుకుపోతుంది. గింజ పడినా మొలవడానికి నేల ఉండదు. మొలిచినా మళ్లీ పూతకు రావడానికి ఆ చలిలో ఏళ్లు పడుతుంది. ఈలోగా మళ్లీ గునపం వస్తుంది.

జటామాంసి అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న మొక్క అని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితా చెబుతోంది. అతివస కూడా అంతరించిపోతున్న మొక్కల్లోనే ఉంది. జటామాంసి, కటుకరోహిణి 1997 నుంచి సైటిస్ (ప్రమాదంలో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. కానీ ఆ ఒప్పందం చూసేది దేశాల మధ్య వ్యాపారాన్నే. మన దేశంలోనే తలనూనెల్లో, చూర్ణాల్లో వాడే సరుకు సంగతి ఎవరు చూస్తారు? సీసా మీద జటామాంసి పేరు ఉంటుంది, అది పొలంలో పండిందో, కొండ మీద పీకిందో ఉండదు. ఆ నూనె కొనేవాళ్లలో మా తెలుగువాళ్లు కూడా ఉన్నారు, అందుకే ఇది ఎక్కడో ఉత్తరాది కొండల గొడవ అని ఊరుకోలేకపోతున్నాను.

జీవవైవిధ్య చట్టం 38వ సెక్షన్ గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. అంతరించే దశలో ఉన్న జాతులను ప్రకటించి, వాటి సేకరణను నిషేధించడానికి, తిరిగి పెంచడానికి ఆ సెక్షన్ మీకు అధికారం ఇస్తోంది. 2002 నాటి చట్టం అది. రాష్ట్రాలవారీగా జాబితాలు కూడా ప్రకటించారు. ప్రకటించాక కొండ మీద ఏం మారిందో చెప్పే కాగితం ఒక్కటైనా చూపించమని అడుగుతున్నాం. ఏ బుగ్యాల్‌లో ఎన్ని మొక్కలు మిగిలాయి, ఏటా ఎంత వేరు కిందికి దిగుతోంది, ఇవేవీ తెలియకుండా రక్షణ ఎలా జరుగుతుందండీ?

తవ్వేవాళ్లను జైల్లో వేయమని నేను అడగడం లేదు, దయచేసి అలా అర్థం చేసుకోవద్దు. మే, జూన్ నెలల్లో కీడా జడీ (గొంగళిపురుగు మీద పెరిగే ఖరీదైన శిలీంధ్రం) కోసం, తర్వాత వేళ్ల కోసం పైకెక్కే కుటుంబాలకు చేతికి డబ్బు వచ్చే దారులు తక్కువ. వాళ్లకు దక్కేది కొంచెమే, లాభం దళారిది. దీనికి దారి లేకపోలేదు. చమోలీ జిల్లాలో రైతులు కటుకరోహిణిని పొలాల్లోనే పండిస్తున్నారు. శ్రీనగర్ గఢ్వాల్‌లోని ఎత్తైన ప్రాంతాల మొక్కల పరిశోధన కేంద్రం ఏళ్లుగా ఈ పని మీదే ఉంది. కానీ పండించిన రైతు అది తన పొలంలోదేనని నిరూపించుకోవాలి, రిజిస్టర్ చేయించుకోవాలి, రవాణాకు పర్మిట్ తెచ్చుకోవాలి. మూడేళ్లు ఆగి పంట తీసినవాడికి ఇంత టెన్షన్, రాత్రికి రాత్రి కొండ దించినవాడికి ఏదీ లేదు. ఇలాగైతే సాగు చేయమని ఎవరికి చెప్పగలం?

కాబట్టి మళ్లీ అడుగుతున్నాను. విత్తనం రాలకముందు తవ్వకం పూర్తిగా ఆపించండి. పొలంలో పండిన సరుకుకు పర్మిట్ గ్రామంలోనే, త్వరగా అందేలా చూడండి. నూనె సీసా మీద, చూర్ణం డబ్బా మీద వేరు ఎక్కడిదో రాయించండి. అది మీ శాఖ పని కాకపోతే ఆ పని ఎవరిదో వాళ్లతో మీరే మాట్లాడండి, మమ్మల్ని మళ్లీ ఆఫీసుల చుట్టూ తిప్పవద్దు. ఈ పనుల్లో ఏది ఏ అధికారి బాధ్యతో, ఏ తేదీలోగా చేస్తారో, మంచు కరిగి తవ్వకాలు మొదలయ్యేలోపు రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
వృక్షశాస్త్రం బోధించే ఒక అధ్యాపకురాలు