ఇవాబుచి ఎర్ర గేటు దగ్గర కలిసిన పెద్దాయనకు

టోక్యోలో అరకావా నది కథ చెప్పి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన పెద్దాయనా, మీకు చేతులెత్తి నమస్కారం.

నిషికసాయ్‌లో ఉండే మాకు ఆ నదంటే గట్టు మీద సైకిళ్లు, పిల్లల ఆటలు, అంతే. 1910 వరదల్లో నగరం మునిగాక, 22 కిలోమీటర్ల పొడవున మనుషులు తవ్విన పాయ అదని మీవల్లే తెలిసింది. 1924లో నీళ్లు వదిలారు, పనులు 1930 దాకా సాగాయి. వరద నీటిని అడ్డుకోవడానికి ఆ ఎర్ర గేటు కట్టించిన ఇంజనీరు అకిరా అఓయామా పనామా కాలువలో పనిచేసి వచ్చినవాడట! 2019 తుఫానుకు పక్కనున్న నీలి గేటు మూసి, నగరం మధ్యగా పారే సుమిదా నదిలోకి వరద పోకుండా ఆపారు.

మా ఇల్లు పల్లంలో ఉందని విని, వరద ముప్పున్న చోట్లు చూపే హజార్డ్ మ్యాప్ మీద మెరక దారిని పెన్సిల్‌తో ఓపిగ్గా గీసిచ్చారు. దాని కాపీలు మా బిల్డింగ్‌లోని తెలుగు కుటుంబాలన్నిటికీ ఇచ్చాం. చాలా థాంక్సండీ.