తిట్టేదీ ఆమెనే, జాకెట్టు కుట్టించుకునేదీ ఆమెదే

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేజీలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. టీవీ సీరియళ్లలో చెడ్డ ఆడవాళ్లను చూపించడం ఆపేయాలని, వాళ్లను చూసి మన ఇళ్లల్లో ఆడవాళ్లు చెడిపోతున్నారని ఆయన బాధ. నేను ఇరవై రెండేళ్లుగా ప్రొద్దుటూరులో లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతున్నాను. షాపు గోడకు ఒక టీవీ ఉంది, సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా కరెంటు పోతే తప్ప ఆగదు. కొలత జాకెట్టు ఇవ్వడానికి వచ్చినవాళ్లు, చీరకు ఫాల్ వేయించుకోవడానికి వచ్చినవాళ్లు, ఏ పనీ లేక ఊరికే కూర్చోవడానికి వచ్చినవాళ్లు అందరూ చూస్తారు. అందుకే ఈ విషయంలో ఆ పాఠకుడి కంటే నాకే రెండు ముక్కలు ఎక్కువ తెలుసనిపించి రాస్తున్నా.

ముందు ఒక సంగతి చెప్పాలి. 'కార్తీక దీపం' సీరియల్ 2017లో మొదలై 2023 జనవరిలో అయిపోయింది కదా, అన్నేళ్లూ మా షాపులో అందులోని విలన్ మోనితను తిట్టని ఆడమనిషి లేదు. "దాని జుట్టు పట్టుకోని ఈడ్చి కొట్టాల" అని రాత్రి అన్న మనిషే పొద్దున్నే ఫోన్ పట్టుకుని వచ్చేది. టీవీ ముందు నిలబడి తీసుకున్న ఫోటో చూపించి, "అక్కా, చేతులు ఇట్లనే రావాల, వెనక మెడ ఇంతే లోతు పెట్టు" అనేది. ఫోటోలో ఎవరు? మోనితే. అందులో హీరోయిన్ వంటలక్క జాకెట్టులాంటిది కుట్టమని ఇప్పటిదాకా నన్ను ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

నవ్వుకునేదాన్ని. తర్వాత ఆలోచిస్తే నవ్వేందుకేమీ లేదనిపించింది. మన సీరియళ్లలో మంచి కోడలు ఐదొందల ఎపిసోడ్లు వంటింటి గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది. (వంటలక్క వంట చేసి తన కాళ్ల మీద తాను బతికింది, కాదనను, జనం ఆమెను నెత్తిన పెట్టుకున్నదీ అందుకే.) చెడ్డదానికైతే కారుంటుంది, ఉద్యోగం ఉంటుంది, మోనిత డాక్టరు మరి, చేతిలో సొంత డబ్బుంటుంది, ఎవరి ముఖం మీదైనా అనదలచుకున్నది అనేస్తుంది. ఇంట్లో రోజంతా నోరు మూసుకుని ఉండి సాయంత్రం నా షాపుకు వచ్చి కూర్చునే ఆడవాళ్లకు అది చూస్తే లోపల ఎక్కడో హాయిగా ఉంటుంది, పైకి మాత్రం తిట్టాలి. ఆ పాఠకుడు తిట్లు ఒక్కటే విన్నారేమో, ఆ హాయి సంగతి ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

ఇంకోటి. అదే కథలో వంటలక్క మొగుడు డాక్టర్ బాబు ఏం చేశాడు? తనకు పిల్లలు పుట్టరని మోనిత నమ్మిస్తే నమ్మేసి, కడుపుతో ఉన్న భార్యను అనుమానించి, ఏళ్ల తరబడి దూరం పెట్టాడు. కవల పిల్లలు చెరో చోట పెరిగారు. మా షాపులో ఆయన్ని గట్టిగా తిట్టినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతా అందరిదీ ఒకటే మాట, "పాపం, ఆయన్ని మోసం చేసినారు". మగవాడు చేస్తే మోసపోయాడు, ఆడది చేస్తే రాక్షసి. ఇది మన ఒక్కరి జబ్బు కూడా కాదట. బెంగళూరులో ఉండే మా వాడు ఒకసారి చెప్పాడు, అమెరికాలో 'బ్రేకింగ్ బ్యాడ్' అని ఒక సీరియల్ వచ్చిందంట, అందులో కెమిస్ట్రీ టీచరు మత్తుమందు తయారుచేసి అమ్ముతాడు, మనుషుల్ని చంపుతాడు, అయినా చూసేవాళ్లు ఆయన పక్షమే. ఇదంతా వద్దని అడ్డుపడిన భార్య మీద మాత్రం వాళ్లకు ఎక్కడలేని కోపం. ఆ భార్య వేషం వేసిన ఆనా గన్, తన మీద ఇంత ద్వేషం ఎందుకని 2013లో న్యూయార్క్ టైమ్స్‌లో పెద్ద వ్యాసమే రాసిందట. అది విని నాకు మన సూర్యకాంతమ్మ గుర్తొచ్చింది. 1962లో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకు ఆవిడ వేసిన గయ్యాళి పాత్ర పేరు పెట్టి 'గుండమ్మ కథ' అన్నారు, ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు, అంత మెచ్చుకుని కూడా కూతురికి సూర్యకాంతం అని పేరు పెట్టడానికి మాత్రం ఎవరికీ మనసు రాలేదంటారు.

అయితే తప్పంతా చూసేవాళ్లదే అని నేను అనను. మా షాపుకు వచ్చేవాళ్లలో ఒకామె ఉంది, వయసు నలభై లోపే. మోనిత తెర మీదికి రాగానే లేచి వెళ్లిపోయేది, కొలతలు సగంలో ఉన్నా సరే. మొదట్లో నాకు చిరాకు, ఇంత నాజూకు ఏంటా అని. ఒకరోజు అడిగేశాను. "మీకది సీరియల్ అక్కా, నాకు మా ఎదురు సందు" అంది. వాళ్లాయన ఇంకొకామెతో ఉంటున్నాడు, ఆ ఇల్లు ఎదురు సందులోనే, మిద్దె మీద నిలబడితే వాళ్ల బట్టలు ఆరేసిన తాడు కనపడుతుంది. ఇక ఈమెకు మోనితలో హాయి ఎక్కడ కనపడుతుంది? నా నోరు ఊరుకోదు కదా, "మరి డాక్టర్ బాబు?" అన్నాను. "ఆయన్ని మోసం చేసినారు కదక్కా" అంది. "మీ ఆయన్ని?" అన్నాను. ఆమె పలకలేదు. హుక్కుల డబ్బా మూత పెడుతూ తీస్తూ కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. ఆ ప్రశ్న ఎందుకు అడిగానా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మా జేజి చిన్నప్పుడు సురభి వాళ్ల నాటకాలు చూసిందట. ఆ సురభి మన కడప జిల్లాలోని ఊరే, 1885లో వాళ్లు మొదట ఆడింది కీచక వధ. ఆ కథలో సుదేష్ణ అని విరాటరాజు భార్య ఉంటుంది. తోడబుట్టిన కీచకుడి బుద్ధి తెలిసి కూడా, కల్లు తెమ్మనే వంకతో ద్రౌపదిని వాడి ఇంటికి పంపుతుంది. వాడు దుర్మార్గుడని అందరికీ గుర్తుంది, పంపిన మహాతల్లి ఎవరికీ గుర్తుండదు. మా జేజికి మాత్రం గుర్తే. "తోడబుట్టినోడు చస్తానంటే ఏ ఆడది ఏం చేస్తాది, అయినా దానిది తప్పే" అనేది, ఒకే ఊపిరిలో రెండూ. బడి ముఖం చూడని మనిషికి ఆ రెండూ కలిపి మనసులో పెట్టుకోవడం కష్టం కాలేదు. ఎందుకంటే సుదేష్ణ ఎందుకు పంపిందో ఆ కథలో ఉంది.

మన సీరియల్ రాసేవాళ్లు ఇవ్వనిది అదే. చెడ్డ ఆడదానికి కారణం ఉండదు, అమ్మానాన్న ఉండరు, ఒక్కరోజైనా జ్వరం రాదు. పగలంతా కుట్రలు, రాత్రి కిటికీ దగ్గర నిలబడి పైకే మాట్లాడుకుంటూ ఇంకో కుట్ర. ఆఖర్న ఒక చెంపదెబ్బ, అది మూడు వైపుల నుంచి మూడుసార్లు. మా షాపులో ఆ దెబ్బకు చప్పట్లు పడతాయి. నేనూ కొట్టాను, అబద్ధమెందుకు. కొట్టాక ఇంతకాలం ఈమెను చూసింది ఈ దెబ్బ కోసమేనా అని ఉసూరుమంటుంది. లేదంటే ఒక్క ఎపిసోడ్‌లో కాళ్ల మీద పడి మారిపోతుంది, అది ఇంకా విసుగు. జాకెట్టు బిగుతైతే కుట్లు విప్పి వదులు చేస్తాం గానీ చేతులే కత్తిరించి పారేస్తామా?

కాబట్టి చెడ్డ ఆడవాళ్లను తీసేయమని అడగొద్దు సార్. తీసేస్తే మిగిలేది ఏడ్చేవాళ్లు, ఏడిపించే మొగుళ్లు. ఉన్నవాళ్లను కాస్త మనుషుల్లాగా రాయమని అడగండి, మీ పేపర్లో సినిమా పేజీ రాసేవాళ్లు కూడా హీరోల సంగతి కొంచెం తగ్గించి ఇది అడిగితే బాగుంటుంది.

ఆ ఉత్తరం రాసిన అన్న ఇంట్లోవాళ్లు జాకెట్లు కుట్టించుకోవాలంటే మా దగ్గరికి పంపమనండి. శ్రావణమాసం రద్దీ మొదలవుతోంది, పది రోజులు ముందే గుడ్డ ఇవ్వాలి, లైనింగ్ మాదే. ఫోటో తెచ్చుకుంటే ఇంకా మంచిది, అది ఎవరిదని నేను అడగను.

— ఒక లేడీస్ టైలర్, ప్రొద్దుటూరు, కడప జిల్లా