రెండో కొండ ఎందుకు ఎక్కలేదు?

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. రాబోయే రోజుల్లో మీ ఇంటి గోడలకు, కుర్చీల వీపులకు టేపు ముక్కలు కనిపిస్తే కోప్పడకండి. ఎనిమిదో తరగతి పిల్లలు గోళీలు పరుగెత్తే రోలర్ కోస్టర్లు కడుతున్నారు. స్థితిశక్తి (ఎత్తులో ఉన్నందువల్ల వస్తువుకు ఉండే శక్తి), గతిశక్తి (కదలిక వల్ల ఉండే శక్తి) పాఠాన్ని ఈసారి వీటితోనే మొదలుపెట్టాం. సూత్రాలు ఆ తర్వాత వస్తాయి.

సామగ్రి చాలా తక్కువ. పైపులకు తొడిగే నురుగు గొట్టాన్ని నిలువునా రెండుగా చీలిస్తే గోళీకి చక్కని గాడి దొరుకుతుంది. అది లేకపోతే గట్టి అట్టను పొడవాటి పట్టీలుగా కోసి అంచులు పైకి మడిచినా సరిపోతుంది. ఇక టేపు, కొలబద్ద, గాజు గోళీ, కాగితపు కప్పు ఉంటే చాలు. నియమం ఒక్కటే: గోళీని వదలాలి తప్ప నెట్టకూడదు. నెడితే చేతి బలం కూడా లెక్కలోకి వచ్చి చేరుతుంది.

5 గ్రాముల గోళీని మీటరు ఎత్తున పట్టుకుంటే దాని స్థితిశక్తి సుమారు 0.05 జౌళ్లు. చాలా స్వల్పమే. అయినా నష్టాలేవీ లేకపోతే కిందికి దొర్లి వచ్చేసరికి దాని వేగం సెకనుకు 3.7 మీటర్లు ఉంటుంది. దొర్లకుండా నున్నగా జారితే 4.4 వరకు వచ్చేది. దొర్లే గోళీ తన గతిశక్తిలో ఏడింట రెండు వంతులు గిరగిరా తిరగడానికే వాడుకుంటుంది మరి.

తరగతిలో దాదాపు ప్రతి జట్టూ రెండో కొండను మొదటిదానంత ఎత్తుగానో, ఇంకా ఎత్తుగానో కట్టింది. గోళీ సగం దాకా ఎక్కి, ఆగి, వెనక్కి వచ్చేసింది. శక్తి నిత్యత్వం గురించి, అంటే శక్తి నశించదు, రూపం మారుతుందంతే అని, బల్లమీద ఎంత రాసినా కలగని అనుమానం అక్కడ కలిగింది: మిగతా శక్తి ఏమైంది? వెతికితే ఒక్కొక్కటిగా బయటపడింది. ఒకచోట గొట్టం ఊగుతోంది, అంటే గోళీ శక్తిలో కొంత గొట్టాన్ని ఊపడానికే పోతోంది. మరోచోట రెండు ముక్కలు కలిసే దగ్గర అంచు వెంట్రుకవాసి పైకి ఉంది. గోళీ అక్కడ టక్కుమని ఎగిరిపడుతోంది. ఆ చప్పుడు కూడా పోయిన శక్తే. మిగిలింది ఘర్షణ వల్ల వేడిగా మారింది. టేపు సరిచేసి గొట్టానికి ఊతం పెట్టగానే గోళీ ఇంకొంచెం పైకి ఎక్కింది. కానీ వదిలిన ఎత్తుకు మాత్రం ఎన్నడూ చేరలేదు.

లూపు, అంటే గోళీ తలకిందులుగా తిరిగివచ్చే నిలువు చుట్టు, దగ్గర పట్టుదల ఇంకా పెరుగుతుంది. గోళీ ఎక్కడా పడిపోకుండా లూపు చుట్టిరావాలంటే, లూపు అడుగు నుంచి లెక్కిస్తే, దాని వ్యాసార్ధానికి కనీసం 2.7 రెట్ల ఎత్తు నుంచి వదలాలి. ఇది నష్టాలు లేనప్పటి లెక్క. నిజానికి ఇంకా ఎత్తు కావాలి. ఎంత అన్నది ఎవరి కోస్టర్‌కు వారే కనుక్కోవాలి.

ఇంట్లో మరో సరదా పరీక్ష చేయవచ్చు. అంతే పరిమాణం ఉన్న ఉక్కు గోళీ దొరికితే, గాజు గోళీతో పాటు ఒకే ఎత్తు నుంచి వదిలి చూడమనండి. ఉక్కుది సుమారు మూడు రెట్లు బరువు, అయినా రెండూ దాదాపు ఒకే వేగంతో వస్తాయి. తేడా కిందపెట్టిన కప్పు చెబుతుంది, ఉక్కు గోళీ దాన్ని చాలా దూరం నెడుతుంది. ఏది ముందు వస్తుందో పరీక్షకు ముందే పిల్లలచేత రాయించండి. మీరు కూడా రాయండి, కాస్త పోటీ ఉంటే బాగుంటుంది.

మీకు నా విన్నపం ఒకటే. గోళీ పడిపోయినప్పుడు టేపు మీ చేతిలోకి తీసుకోకండి. "ఎంత ఎత్తు నుంచి వదిలావు? ఈసారి ఏం మార్చావు?" అని అడగండి. ఒకేసారి మూడు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, కాబట్టి ఒక్కొక్కటే మార్చమనండి. మార్కులున్నాయా అని కొందరు ఇప్పటికే అడిగారు. ఉన్నాయి, అయితే కోస్టర్ అందానికి కాదు, నోటుపుస్తకంలోని కొలతలకు, కారణాలకు. లూపు తిరగని కోస్టర్‌కు కూడా పూర్తి మార్కులు రావచ్చు.

ఇంట్లో పసిపిల్లలుంటే గోళీలను లెక్కపెట్టి ఇవ్వండి, పని కాగానే లెక్కపెట్టి దాచేయండి. గొంతులో ఇరుక్కుంటే ప్రాణాపాయం.

కోస్టర్‌ను బడికి మోసుకురానక్కర్లేదు, దారిలోనే విడిపోతుంది. ఫోనులో నెమ్మది వేగంతో తీసిన వీడియో ఒకటి పంపితే చాలు. నోటుపుస్తకం మాత్రం నెలాఖరులోగా సైన్సు ఉపాధ్యాయురాలికి అందాలి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు