పింఛను రోజే ఫోన్ నంబరు లింకు చేయండి

సంపాదకులకు నమస్కారం.

ఆధార్ కార్డు పోతే భయపడాల్సిన పని లేదని, ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల్లో మళ్లీ తీసుకోవచ్చని పేపర్లలో, టీవీల్లో చాలాసార్లు విన్నాం. నేనూ అదే నమ్మాను. 2024 ఆగస్టులో మా చిన్నమ్మ కార్డు పోయాక ఆ ఐదు నిమిషాలు ఎవరికి వర్తిస్తాయో తెలిసింది. ఆమెలాంటి వాళ్లు మన పల్లెల్లో ఇంటికొకరు ఉంటారు కాబట్టి ఈ సంగతి మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేవాలని రాస్తున్నాను.

చిన్నమ్మకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. జనగామ జిల్లాలో ఒక చిన్న ఊళ్లో ఒంటరిగా ఉంటుంది. చదువు రాదు. అంగడికి పోయిన రోజు చేతిసంచిలోంచి చిన్న పర్సు పోయింది. అందులో రెండు వందల రూపాయలు, ఆధార్ ఉన్నాయి. డబ్బుల గురించి ఒక్క మాట కూడా అనలేదు. "బిడ్డా, నా ఆధార్ పోయింది. ఎవరన్నా నా పేరు మీద లోను తీస్తే నేనేడ కట్టాలె?" అని ఫోన్‌లో ఏడ్చింది. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంతకుముందు ఆడవాళ్ల ఆధార్ ట్రంకుపెట్టెలోనో, బీరువాలో బట్టల కిందనో భద్రంగా ఉండేది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు మహాలక్ష్మి ఉచిత బస్సు ప్రయాణం మొదలైనప్పటి నుంచి అది రోజూ సంచిలో తిరుగుతోంది. జీరో టికెట్ కావాలంటే ఒరిజినల్ గుర్తింపు కార్డే చూపాలని, జిరాక్సు గానీ ఫోన్‌లో ఫొటో గానీ చెల్లవని ఆర్టీసీ పథకం కొత్తలోనే స్పష్టంగా చెప్పింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటిదే స్త్రీశక్తి పథకం వచ్చింది. ఈ పథకాలు నాకు చాలా ఇష్టం, నేనూ రోజూ బడికి అదే బస్సులో వెళ్తాను. కానీ తోపులాట ఉన్న బస్సుల్లో, అంగళ్లలో ఇన్ని లక్షల కార్డులు తిరుగుతుంటే కొన్ని పోవడం ఖాయం. పోయిన కార్డు సులువుగా తిరిగి దొరికే దారి కూడా పథకంతో పాటే ఉండాలి కదా?

ఆన్‌లైన్ దారి ఎలా ఉందంటే, మైఆధార్ వెబ్‌సైటులో పేరు, ఫోన్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, అది కొడితే మన ఆధార్ నంబరు తెలుస్తుంది. ఆ ఓటీపీ ఆధార్‌కు లింకు అయిన ఫోన్‌కే వస్తుంది. చిన్నమ్మ ఆధార్ 2012లో బడిలో పెట్టిన క్యాంపులో తీశారు. అప్పుడు ఆమెకు ఫోన్ లేదు, కొడుకు నంబరు రాయించారు. కొడుకు దుబాయి పోయి ఏళ్లయింది. ఆ సిమ్ రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయింది. వాడకం లేని నంబర్లను కంపెనీలు వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఎత్తాడు. ఆయన్ని ఓటీపీ చెప్పమని ఎట్లా అడుగుతాం? ఆధార్ నంబరును ఎవరూ వాడకుండా లాక్ చేద్దామన్నా అదే రిజిస్టర్ అయిన ఫోన్ ఉండాలి.

పేరు ఇంకో చిక్కు. మన పేర్లు తెలుగులో ఒక్కటే, ఇంగ్లిషులో రాస్తే నాలుగు. ఎల్లమ్మ అన్న పేరే ఇ అక్షరంతో ఒకచోట, వై అక్షరంతో ఒకచోట రాస్తారు. ఇంటిపేరు ముందుంటుందా, వెనకుంటుందా, పొడి అక్షరమా, పూర్తిగానా అన్నది ఆ రోజు క్యాంపులో కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లవాడి ఇష్టం. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్లకు సంవత్సరం కూడా అంచనాగానే వేశారు. పన్నెండేళ్ల తర్వాత అవన్నీ అచ్చం అట్లాగే చెప్పమంటే, చదువు రాని మనిషికి ఎట్లా తెలుస్తుంది?

ఒక ఆధార్ సెంటరులో నంబరు తెలియనిదే ఏమీ చేయలేమన్నారు. ఇంకో సెంటరులో సర్వరు పనిచేయడం లేదని రెండుసార్లు తిప్పి పంపారు. బయట ఒకతను ఆరు వందలిస్తే పని చేసిపెడతానన్నాడు. ఇవ్వలేదు. వెళ్లిన ప్రతిసారీ చిన్నమ్మ బస్సుకు డబ్బులు పెట్టుకునే వెళ్లింది, ఎందుకంటే చూపించడానికి కార్డు లేదు.

తొమ్మిదో రోజున 1947కి ఫోన్ చేయమని మా బడిలో ఒక సారు చెప్పారు. ఆధార్ సంస్థ వారి ఆ టోల్‌ఫ్రీ నంబరులో తెలుగులో మాట్లాడతారు. పేరు, పుట్టిన సంవత్సరం, పిన్‌కోడ్ అడిగారు. మొదటి రెండుసార్లు పేరు కలవలేదు. మూడోసారి వై అక్షరంతో చెబితే కలిసింది. ఫోన్‌లో మాట్లాడిన ఆవిడ ఓపికగా 28 అంకెల ఎన్‌రోల్‌మెంట్ నంబరు (ఆధార్ తీసిన రోజు రసీదు మీద ఇచ్చే నంబరు) చెప్పారు, నేను నోటుబుక్కులో రాసుకున్నాను. మళ్లీ అదే 1947కి ఫోన్ చేసి, కంప్యూటర్ గొంతు అడిగినప్పుడు ఆ 28 అంకెలు, పుట్టిన తేదీ, పిన్‌కోడ్ నొక్కితే ఆధార్ నంబరు వినిపించింది. నంబరు దొరికాక మిగతాది తేలికైంది. రిజిస్టర్ కాని ఫోన్‌తో కూడా పీవీసీ కార్డు, అంటే ప్లాస్టిక్ ఆధార్ కార్డు, తెప్పించుకునే వీలుంది. నా ఫోన్‌కే ఓటీపీ వచ్చింది, 50 రూపాయలు కట్టాను, కార్డు స్పీడ్‌పోస్టులో చిన్నమ్మ ఇంటికే వచ్చింది.

ఇంకో దారి కూడా ఉందని తర్వాత తెలిసింది. ఆధార్ కేంద్రానికి వెళ్లి పేరు, పిన్‌కోడ్ లాంటి వివరాలు చెప్పి వేలిముద్రో కంటిపాపో ఇస్తే, రికార్డుతో కలిసినప్పుడు అక్కడే ఈ-ఆధార్ ప్రింటు ఇవ్వాలి. అంటే నంబరు తెలియకపోయినా, ఫోన్ లేకపోయినా పని జరగాలి. మేం తిరిగిన రెండు చోట్లా ఆ మాట ఎవరూ చెప్పలేదు. అక్కడి పిల్లలను తప్పుపట్టడం కాదు నా ఉద్దేశం. వాళ్ల ముందు ఎప్పుడూ యాభై మంది ఉంటారు. గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు ఉంటే చాలు: ఆధార్ పోయిందా, ఫోన్ లింకు లేదా, వేలిముద్రతో ఇక్కడే తీసుకోవచ్చు, లేదా 1947కి ఫోన్ చేయండి, ఫీజు ఇంత. బయట ఆరు వందలు అడిగేవాళ్ల పని అక్కడే ఆగిపోతుంది.

బోర్డు కంటే ముఖ్యమైనది, కార్డు పోకముందే ఫోన్ నంబరు లింకు అయి ఉండటం. ఆధార్‌లో ఫోన్ నంబరు మార్చే పనిని 2021 నుంచి పోస్టుమ్యాన్లకు కూడా అప్పగించారు. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ద్వారా వాళ్లు ఇంటి దగ్గరే చేయగలరు. మా చిన్నమ్మ ఊళ్లో నేను అడిగిన ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. తెలంగాణ పల్లెల్లో పింఛను ఎక్కువగా పోస్టాఫీసు ద్వారానే ఇస్తారు. పింఛను రోజు ఊళ్లోని ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, దివ్యాంగులు అందరూ ఒక్కచోటికి వస్తారు. ఎవరికి ఈ పని అవసరమో వాళ్లే అక్కడ వరసలో ఉంటారు. అదే రోజు, అదే చోట, ప్రస్తుతం వాడుతున్న ఫోన్ నంబరు లింకు చేస్తే సరిపోతుంది. సొంత ఫోన్ లేనివాళ్లు కూతురిదో, మనవడిదో, నమ్మకమైన వాళ్ల నంబరు ఇస్తారు. తపాలా శాఖ, జిల్లా కలెక్టర్లు కలిసి రెండు మూడు నెలలు దీన్ని నడపాలని, పింఛనుదారుల దగ్గర నంబరు లింకు చేసినందుకు ఫీజు కూడా తీసుకోవద్దని కోరుతున్నాను. పత్తి ఏరి, బీడీలు చుట్టి అరిగిన వేళ్లు ఒకసారికి పడవు. కాబట్టి కనుపాప యంత్రం కూడా వెంట ఉండాలి.

ఆర్టీసీ వారికి కూడా ఒక విన్నపం. డౌన్‌లోడ్ చేసుకున్న ఈ-ఆధార్, ఎంఆధార్ యాప్‌లోని కార్డు, పీవీసీ కార్డు అన్నీ సమానమేనని ఆధార్ సంస్థే చెబుతోంది. దొంగ ఫొటోలు చూపిస్తారన్న మీ భయం నాకు అర్థమవుతుంది. మామూలు ఫొటోలు వద్దనండి, యాప్‌లో తెరిచి చూపించే కార్డును మాత్రం ఒప్పుకోండి. కార్డు పోగొట్టుకున్న ఆడమనిషికి కొత్తది వచ్చేదాకా పది పదిహేను రోజులు వెసులుబాటు ఇవ్వండి.

పాఠకులకు ఒక జాగ్రత్త. కార్డు పోయిన కంగారులో గూగుల్‌లో వెతికి కనిపించిన ప్రతి సైటులో వివరాలు ఇవ్వకండి. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) తెరవకండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఆధార్ నంబరు ఈ రోజే ఒక కాగితం మీద రాసి బియ్యం డబ్బా దగ్గరో, దేవుడి అర దగ్గరో దాచండి.

చిన్నమ్మ ఆధార్‌కు నా నంబరు ఇంకా లింకు కాలేదు. రెండుసార్లు వెళ్లాం, రెండుసార్లూ వేలిముద్ర పడలేదు. వచ్చే నెల పింఛను రోజు సెలవు పెట్టి ఆమెతో పాటు పోస్టాఫీసుకు వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయురాలు,
జనగామ